యాప్ రోజూ పొద్దున్నే ఆగిపోతోంది, సర్వీస్ లాగ్స్ లైవ్ గా చూడటం ఎలా?

గుంటూరు_పైథాన్:

అందరికీ నమస్తే. నేను కోడ్ రాస్తా గానీ సర్వర్ల సంగతి నాకు అంతంత మాత్రమే, ప్రశ్న మరీ చిన్నపిల్లాడి ప్రశ్నలా ఉంటే ఏమనుకోకండి. మా బాబాయికి మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉంది, పోయిన సీజన్ లో ఆయన కోసం ఒక చిన్న యాప్ రాశా. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, కాటా ఎంత తూగింది, రేటు ఎంత పలికింది, హమాలీ కమీషన్ పోను రైతు చేతికి ఎంత, అంతే, పెద్ద విద్యేం కాదు. పైథాన్ ఫ్లాస్క్, వెనక మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, ముందు ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్. 1 జీబీ ర్యామ్ ఉన్న చవక క్లౌడ్ మెషిన్, ఉబుంటు 22.04. యూట్యూబ్ లో చూసి యాప్ ని కాటా.సర్వీస్ అని సిస్టమ్‌డీ (లైనక్స్ లో ప్రోగ్రామ్ లని వెనక నడిపించేది) సర్వీస్ గా పెట్టుకున్నా.

ఇప్పుడు పది రోజుల నుంచి ఒకటే గోల. పొద్దున ఏడున్నర ఎనిమిది మధ్యలో బాబాయి ఫోను, "ఒరేయ్ మళ్ళీ ఓపెన్ అవట్లేదురా, ఇక్కడ రైతులు నిలబడ్డారు" అని. నేను నిద్రకళ్ళతో లేచి సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్ కాటా అని కొడతా, వెంటనే లేస్తుంది, ఇక రోజంతా నిక్షేపంలా ఉంటుంది. మర్నాడు మళ్ళీ అదే సీన్. మొదట జనం ఎక్కువై లోడ్ పడుతోందేమో అనుకున్నా, కానీ ఆదివారం యార్డు సెలవు, ఎవరూ వాడలేదు, ఆ రోజు కూడా పడిపోయే ఉంది.

నేను చేసిన ఘనకార్యం ఏంటంటే వార్ లాగ్ ఫోల్డర్ లో ఉన్న సిస్‌లాగ్ అనే సిస్టమ్ లాగ్ ఫైల్ ని నానో లో ఓపెన్ చేశా, మెషిన్ బిగుసుకుపోయింది, ఎస్‌ఎస్‌హెచ్ కూడా తెగిపోయింది. తర్వాత టెయిల్ -ఎఫ్ పెడితే ఫైర్‌వాల్ వాడి బ్లాక్ బ్లాక్ బ్లాక్ అనే లైన్లు వరదలా వస్తున్నాయి, అందులో నా యాప్ లైన్ ఎక్కడుందో వెతకడం మిరపకాయల బస్తాలో పోయిన సూది వెతికినట్టుంది. ఏడున్నర దగ్గర లైన్లు చూస్తే ప్రత్యేకంగా ఏమీ లేదు.

నాకు కావాల్సింది, నా ఒక్క సర్వీస్ లాగ్ మాత్రమే కనపడాలి, అది వస్తున్నప్పుడే లైవ్ గా కనపడాలి, ఆ ఆగిపోయే టైమ్ లో ఏం జరిగిందో తెలియాలి. ఎలా?

ఆపరేషన్స్_అక్క:

తమ్ముడూ, నానో తో లాగ్ ఫైల్ ఓపెన్ చేయడం మానెయ్ ముందు. నానో ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి లాగుతుంది, నీ 1 జీబీ మెషిన్ కి అది చాలు పడుకోవడానికి. లాగ్ చదవాలంటే లెస్ వాడు, అది కావాల్సినంతే చదువుతుంది.

నువ్వు సిస్టమ్‌డీ సర్వీస్ గా పెట్టావు కాబట్టి నీ యాప్ స్క్రీన్ మీద కక్కే ప్రతి లైనూ జర్నల్ లోకి, అంటే సిస్టమ్‌డీ లాగ్ దాచే చోటికి పోతుంది, దాన్ని చూసే కమాండ్ జర్నల్‌సీటీఎల్. అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా, నువ్వు టెర్మినల్ లో ఇంగ్లీష్ లో కొట్టుకో, గీతలు చుక్కలు అంకెలు ఉన్నవి ఉన్నట్టే.

జర్నల్‌సీటీఎల్ -యు కాటా

యు అంటే యూనిట్, నీ సర్వీస్ పేరు. ఇది పాత లైన్ల నుంచి మొదలుపెడుతుంది, పేజీలు పేజీలు తిప్పాలి, కాబట్టి చివరికి పోవాలంటే వెనకాల -ఇ తగిలించు. లైవ్ గా కావాలంటే

జర్నల్‌సీటీఎల్ -యు కాటా -ఎఫ్

ఇది ముందు చివరి పది లైన్లు చూపించి తర్వాత కొత్తవి వచ్చేకొద్దీ కిందకి తోస్తూ ఉంటుంది, ఆపాలంటే కంట్రోల్ సి. పది చాలకపోతే -ఎన్ 100 అని పెట్టుకో. ఒకేసారి రెండు మూడు సర్వీసులు కూడా చూడొచ్చు, -యు కాటా -యు మైఎస్‌క్యూఎల్ అని పక్కపక్కనే ఇవ్వు, టైమ్ వరసలో కలిపి చూపిస్తుంది. నాకైతే అసలు జర్నల్ లో నచ్చే విషయమే ఇది, పాత రోజుల్లో రెండు విండోలు పెట్టుకుని మెడ అటూ ఇటూ తిప్పేవాళ్ళం.

టైమ్ తో కావాలంటే --సిన్స్ --అంటిల్ ఉన్నాయి. --సిన్స్ టుడే, --సిన్స్ "1 అవర్ ఎగో", --సిన్స్ "07:00" ఇలా ఏదైనా తీసుకుంటుంది. ఇవి కొట్టి ఏమొచ్చిందో ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడదాం. అన్నట్టు అన్నిటికంటే ముందు సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ కాటా కొట్టడం అలవాటు చేసుకో, సర్వీస్ ఎందుకు పడిందో ఒక ముక్కలో చెప్పి కింద చివరి పది లైన్లు కూడా చూపిస్తుంది. కానీ స్టార్ట్ కొట్టకముందే చూడాలి, నువ్వు కంగారులో స్టార్ట్ కొట్టేస్తే పైన కనపడేది కొత్త బతుకు సంగతి, పాత చావు సంగతి కాదు.

గుంటూరు_పైథాన్:

అక్కా చాలా థ్యాంక్స్. మొదట ఏమీ రాలేదు, మీరు మిగతా యూజర్ల, సిస్టమ్ మెసేజ్ లు చూడట్లేదు అని ఏదో హింట్ ఇచ్చింది, సుడో (అడ్మిన్ హక్కులతో నడపడం) పెడితే వచ్చింది. ప్రతిసారీ సుడో కొట్టాలా?

ఇంకోటి, లైన్లు కుడి పక్కన తెగిపోతున్నాయి, అసలు ఎర్రర్ ఉండేది ఆ తెగిన ముక్కలోనే.

అసలు విషయం ఇది, పొద్దున కథ దొరికింది:

02:03:41 సిస్టమ్‌డీ: కాటా.సర్వీస్: మెయిన్ ప్రాసెస్ ఎగ్జిటెడ్, కోడ్=కిల్డ్, స్టేటస్=9/కిల్
02:03:41 సిస్టమ్‌డీ: కాటా.సర్వీస్: ఫెయిల్డ్ విత్ రిజల్ట్ 'ఓఓఎమ్-కిల్'

కిల్ అంటోంది, ఎవరు కిల్ చేశారు? నేనైతే చేయలేదు, అర్ధరాత్రి రెండింటికి నేను నిద్రపోతుంటా. ఎవడైనా సర్వర్ లోకి దూరాడా? ఇంకా విచిత్రం ఏంటంటే రాత్రి రెండింటికి చచ్చిపోతే, బాబాయి పొద్దున ఏడింటికి నిన్నటి లెక్కలు చూసుకున్నా అంటున్నాడు, అది ఎలా పనిచేసింది?

పైగా లైవ్ లో పెట్టి నేనే యాప్ లో ఒక బిల్లు కొట్టి చూశా, కోడ్ లో ప్రింట్ లు చాలా పెట్టా, బిల్లు సేవ్ అయింది, రైతు పేరు, టిక్కీలు అన్నీ ప్రింట్ చేస్తా కదా, ఒక్కటీ రాలేదు. ఎర్రర్ లు మాత్రం వెంటనే వస్తున్నాయి. ఒక ఇరవై నిమిషాల తర్వాత ప్రింట్ లన్నీ ఒకేసారి గుంపుగా వచ్చి పడ్డాయి, అన్నిటికీ ఒకటే టైమ్.

టెర్మినల్_తాత:

ఈ ప్రింట్ ల సంగతి నేను చెప్తా, దీనివల్ల నేను ఒక రాత్రంతా జాగారం చేశా ఒకప్పుడు. పైథాన్ తప్పూ కాదు జర్నల్ తప్పూ కాదు. ప్రింట్ అవుట్‌పుట్ టెర్మినల్ కి పోతుంటే పైథాన్ లైను లైనుకీ వదులుతుంది. టెర్మినల్ కాకుండా పైపుకో ఫైల్ కో జర్నల్ కో పోతోందని తెలిస్తే మాత్రం, లైను లైనుకీ ఎందుకు శ్రమ అని ఒక బఫర్ లో పోగేసుకుని, అది ఒక 8 కేబీ దాకా నిండాక ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. మనిషి ఉత్తరాలు పట్టుకుని సంచి నిండేదాకా పోస్టాఫీసుకి పోకుండా కూర్చున్నట్టు. జర్నల్ తనకి ఎప్పుడు అందితే ఆ టైమే వేస్తుంది, అందుకే అన్నిటికీ ఒకటే టైమ్ కనపడింది నీకు. ఎర్రర్లు వేరే దారిలో పోతాయి, ఆ దారిలో ఇంత పోగేసుకోవడం ఉండదు, అందుకే అవి టకటకా వస్తున్నాయి.

సర్వీస్ ఫైల్ లో సర్వీస్ అనే సెక్షన్ కింద ఎన్విరాన్‌మెంట్=పైథాన్‌అన్‌బఫర్డ్=1 అని ఒక లైన్ పెట్టు, పైథాన్‌అన్‌బఫర్డ్ అన్నది మాత్రం మొత్తం పెద్దక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కలిపి. లేదా ఎగ్జెక్‌స్టార్ట్ లో పైథాన్ పక్కన -యు పెట్టు, ఈ యు వేరు జర్నల్‌సీటీఎల్ యు వేరు, గందరగోళపడకు. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్, రీస్టార్ట్. రీలోడ్ మర్చిపోయి మారలేదు మారలేదు అని మళ్ళీ ఇక్కడికి రాకు.

ఇది నీ అసలు ప్రాబ్లమ్ కి కూడా సంబంధం ఉన్నదే, ఎలాగంటే కిల్ 9 పడిందంటే ప్రాసెస్ కి సర్దుకునే టైమ్ ఇవ్వరు, సంచిలో ఉన్న ఉత్తరాలు సంచితోనే పోతాయి. చచ్చే ముందు నీ యాప్ ఏం చేస్తోందో చెప్పే చివరి ప్రింట్ లు జర్నల్ కి అసలు చేరనే లేదు. కాబట్టి ఇన్నాళ్ళూ నువ్వు చూసింది సగం లాగే.

లైన్లు తెగడం పెద్ద విషయం కాదు, లోపల లెస్ నడుస్తోంది, కుడి బాణం నొక్కితే పక్కకి జరుగుతుంది. లేదా ఆ పేజీలో ఉండగానే -ఎస్, పెద్ద ఎస్, కొట్టి ఎంటర్ ఇస్తే మడిచి కిందకి చూపిస్తుంది. ఎక్కడైనా కాపీ చేసి పెట్టాలంటే --నో-పేజర్ అని తగిలించు. సుడో విసుగనిపిస్తే నీ యూజర్ ని ఏడీఎమ్ అనే గ్రూప్ లోనో, సిస్టమ్‌డీ-జర్నల్ గ్రూప్ లోనో కలుపుకుని లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వు.

ఇంకొక్కటి చెప్పి ఊరుకుంటా. ఎంజిన్‌ఎక్స్ లాగ్ కోసం జర్నల్‌సీటీఎల్ -యు ఎంజిన్‌ఎక్స్ కొడితే స్టార్ట్ అయింది ఆగింది అనే ముక్కలే ఉంటాయి, ఎవరు ఏ పేజీ అడిగారన్నది అందులో ఉండదు, అది వార్ లాగ్ ఎంజిన్‌ఎక్స్ లో యాక్సెస్ లాగ్ ఫైల్ లోనే ఉంటుంది. దానికి టెయిల్ పెట్టేటప్పుడు చిన్న ఎఫ్ కాదు, పెద్ద ఎఫ్ పెట్టు. రాత్రి లాగ్‌రొటేట్ వచ్చి ఆ ఫైల్ కి పేరు మార్చి కొత్తది పెడుతుంది, చిన్న ఎఫ్ పాత ఫైల్ నే పట్టుకుని వేలాడుతుంది, నువ్వేమో ట్రాఫిక్ లేదనుకుంటావు. పెద్ద ఎఫ్ పేరుని చూసుకుంటూ ఉంటుంది కాబట్టి కొత్త ఫైల్ కి మారుతుంది. జర్నల్ కి ఈ బాధ లేదు, అది నేను ఒప్పుకుంటా. 2015 లో డెబియన్ 8 తో సిస్టమ్‌డీ డీఫాల్ట్ అయినప్పుడు లాగ్ ని బైనరీలో దాచడమేంటి, గ్రెప్ కొట్టి ఫైల్ లో మాట వెతుక్కునే స్వేచ్ఛ పోయింది అని తిట్టిన బ్యాచ్ లో నేనూ ఉన్నా. ఇప్పుడు టైమ్ తో, యూనిట్ తో వడకట్టడం అలవాటయ్యాక వెనక్కి పోలేను.

డల్లాస్_నైట్‌షిఫ్ట్:

బ్రో, బాబాయి ఏడింటికి ఎలా వాడాడు అన్నావు చూడు, నాకు అక్కడే లైట్ వెలిగింది. నీ సర్వర్ యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, లో ఉంది పందెం. క్లౌడ్ మెషిన్లు ఎక్కువగా యూటీసీ లోనే వస్తాయి. టైమ్‌డేట్‌సీటీఎల్ అని కొట్టి చూడు. యూటీసీ 02:03 అంటే మన ఐఎస్‌టీ లో ఐదున్నర గంటలు కలుపు, పొద్దున 7:33. బాబాయి ఏడింటికి చూసుకున్నాడు, 7:33 కి పోయింది, ఎనిమిదికి నీకు ఫోన్. లెక్క సరిపోయిందా?

నువ్వు సిస్‌లాగ్ లో ఏడున్నర దగ్గర వెతికావు అన్నావు, అక్కడున్నది మన మధ్యాహ్నం ఒంటిగంట లాగ్, ఏముంటుంది మరి. --సిన్స్ "07:30" ఇచ్చినా అంతే, సర్వర్ టైమ్ జోన్ లోనే లెక్కేసుకుంటుంది.

సర్వర్ ని ముట్టుకోకుండా ఐఎస్‌టీ లో చూడాలంటే కమాండ్ ముందు టీజెడ్=ఏషియా/కోల్‌కతా అని పెట్టు, అలా:

టీజెడ్=ఏషియా/కోల్‌కతా జర్నల్‌సీటీఎల్ -యు కాటా --సిన్స్ "07:25" --అంటిల్ "07:40"

సుడో వాడుతుంటే దీన్ని సుడో తర్వాత పెట్టు, ముందు పెడితే సుడో దాన్ని మధ్యలో తీసిపారేసే ఛాన్స్ ఉంది. పర్మనెంట్ గా మార్చాలంటే టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-టైమ్‌జోన్ ఉంది. జర్నల్ లోపల టైమ్ ని 1970 నుంచి ఎన్ని మైక్రోసెకన్లు అని అంకెగా దాచుకుంటుంది, చూపించేటప్పుడే జోన్ వేస్తుంది, కాబట్టి జోన్ మార్చగానే పాత లాగ్ కూడా ఐఎస్‌టీ లో కనపడుతుంది. సిస్‌లాగ్ ఫైల్ లో మాత్రం టైమ్ అక్షరాల్లో రాసేసి ఉంటుంది, పాతవి పాతగానే ఉంటాయి.

నేను ఇక్కడ సెంట్రల్ టైమ్, మా టీమ్ లో సగం హైదరాబాద్, సర్వర్లు యూటీసీ, పైగా ఇక్కడ ఏడాదికి రెండుసార్లు గంట ముందుకీ వెనక్కీ. "రెండింటికి పడిపోయింది" అని ఎవరైనా అంటే ఏ రెండు అని అడగడం ఇప్పుడు మాకు రిఫ్లెక్స్.

ఆపరేషన్స్_అక్క:

డల్లాస్ తమ్ముడు కరెక్ట్ గా పట్టాడు. హ్యాకింగ్ భయం వదిలెయ్, ఓఓఎమ్ అంటే అవుట్ ఆఫ్ మెమరీ. ర్యామ్ అయిపోతే లైనక్స్ కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయ, ఎవరో ఒక ప్రాసెస్ ని బలిచ్చి మిగతా సిస్టమ్ ని బతికించుకుంటుంది, సాధారణంగా ఎక్కువ మెమరీ తింటున్నవాడినే ఎంచుకుంటుంది. నీ యాప్ బలి అయింది. కానీ ర్యామ్ ని నింపింది నీ యాపే అని లేదు, ఇది బాగా గుర్తుపెట్టుకో.

-యు కాటా అని పెట్టినప్పుడు నీకు ఎవరు చచ్చారో తెలుస్తుంది, ఎవరు చంపించారో తెలియదు. కెర్నల్ చెప్పే ముక్క ఆ ఫిల్టర్ లో రాదు, పక్క ప్రాసెస్ ఏం చేస్తోందో అసలు రాదు. కాబట్టి చావు టైమ్ దొరికాక యూనిట్ ని తీసెయ్, టైమ్ మాత్రమే ఉంచి ముందు ఐదు నిమిషాలు, వెనక రెండు నిమిషాలు మొత్తం చూడు.

జర్నల్‌సీటీఎల్ --సిన్స్ "01:58" --అంటిల్ "02:06"

ఇవి నీ యూటీసీ టైమ్ లే. కెర్నల్ మాటలు మాత్రమే కావాలంటే -కె. రోజూ ఇలాగే జరుగుతోందా అని చూడాలంటే జర్నల్‌సీటీఎల్ -కె -జి "అవుట్ ఆఫ్ మెమరీ" --సిన్స్ "10 డేస్ ఎగో", మాటలు చిన్నక్షరాల్లో ఇస్తే పెద్ద చిన్న తేడా పట్టించుకోకుండా వెతుకుతుంది. ఈ పది రోజుల్లో మెషిన్ రీబూట్ అయి ఉంటే -కె ఒక్కటీ ఇప్పటి బూట్ వరకే చూపిస్తుంది, అది గుర్తుపెట్టుకో.

పాత_సెంటోస్:

మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాదీ లాగ్ గోలే. మా ఆఫీస్ లో ఒక పాత సెంటోస్ 7 మెషిన్ ఉంది, అప్పుడప్పుడు దానంతట అదే రీబూట్ అవుతోంది, రీబూట్ కి ముందు ఏం జరిగిందో చూద్దామని -బి -1 కొడితే ముందు బూట్ లేదంటోంది. --లిస్ట్-బూట్స్ లో ఒక్కటే లైన్. ఉబుంటు వాళ్ళకి వస్తోంది నాకెందుకు రాదు?

హన్మకొండ_హోస్ట్:

అన్నా నాకు గూడ గిట్లనే అయింది, రెండు దినాలు బుర్ర గోక్కున్న. నీ మెషిన్ ల జర్నల్ మొత్తం రన్ లాగ్ జర్నల్ ల పడుతున్నది, అది ర్యామ్ ల ఉంటది, రీబూట్ అయితె సాఫ్. జర్నల్‌డీ సెట్టింగ్ డీఫాల్ట్ గ ఆటో ఉంటది, ఆటో అంటె ఏంటిది, వార్ లాగ్ ల జర్నల్ అనే ఫోల్డర్ ఉంటె డిస్క్ మీద రాస్త, లేకుంటె ర్యామ్ ల రాస్త అని. ఉబుంటుల ఆ ఫోల్డర్ ముందుగాలనే ఉంటది, సెంటోస్ ల ఉండది. ఇంత చిన్న ఫోల్డర్ కోసం రెండు దినాలు పోయినయి నావి.

వార్ లాగ్ కింద జర్నల్ ఫోల్డర్ చెయ్, సిస్టమ్‌డీ-జర్నల్‌డీ రీస్టార్ట్ చెయ్, అయిపాయె. లేదంటె జర్నల్‌డీ.కాన్ఫ్ ల స్టోరేజ్=పర్సిస్టెంట్ అని రాయి. పోయినయి మాత్రం రావు. కాకపోతె నీ సెంటోస్ ల ఆర్‌సిస్‌లాగ్ కూడ నడుస్తుంటది, వార్ లాగ్ మెసేజెస్ ఫైల్ జూడు, రీబూట్ కి ముందువి అండ్ల దొరుకుతయ్. జర జల్ది చూడు, అది గూడ రొటేట్ అయితది.

డిస్క్ మీద రాస్తె నిండుతదని భయం వద్దు, ఆ ఫైల్ సిస్టమ్ ల పది శాతం దాటనియ్యదు, అది గూడ మీదికెళ్ళి 4 జీబీ దాకనే.

గుంటూరు_పైథాన్:

దొరికేసింది దొరికేసింది!! సిగ్గుతో చెప్తున్నా, దొంగ నేనే.

యూనిట్ తీసేసి టైమ్ తో చూశా, అక్క చెప్పినట్టే:

02:00:01 క్రాన్: రూట్ తరఫున బ్యాకప్ స్క్రిప్ట్ మొదలు
02:03:41 కెర్నల్: అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్ 1423 పైథాన్3, ఆనాన్-ఆర్‌ఎస్‌ఎస్: 421880 కేబీ
02:03:41 సిస్టమ్‌డీ: కాటా.సర్వీస్: మెయిన్ ప్రాసెస్ ఎగ్జిటెడ్

పన్నెండు రోజుల కింద బాబాయి "లెక్కలు పోతే నా కొంప మునుగుద్దిరా" అంటే ఒక బ్యాకప్ స్క్రిప్ట్ రాసి, చెప్పిన టైమ్ కి పనులు నడిపే క్రాన్ లో రాత్రి రెండింటికి అని 2 పెట్టా. యూటీసీ అని తెలియదు కదా, ఆ రెండు వెళ్ళి మన పొద్దున ఏడున్నర అయి కూర్చుంది, సరిగ్గా యార్డు తెరిచే టైమ్. ఆ స్క్రిప్ట్ ఏమో బిల్లుల పీడీఎఫ్ లు మొత్తం మెమరీలోకి లాగి జిప్ చేస్తుంది, అలా రాశా. మొదటి రెండ్రోజులు పీడీఎఫ్ లు తక్కువ కాబట్టి సరిపోయింది, తర్వాత నుంచి పడటం మొదలు. ఆదివారం కూడా ఎందుకు పడిందో ఇప్పుడు అర్థమైంది, క్రాన్ కి ఆదివారం సెలవు లేదు. తప్పు చేసింది బ్యాకప్ స్క్రిప్ట్, చచ్చింది నా యాప్.

ఒక డౌట్, ఆ కెర్నల్ లైన్ పైన పెద్ద పట్టిక ఉంది, అందులో నా యాప్ ఆర్‌ఎస్‌ఎస్ (ర్యామ్ లో వాడుతున్నది) 105470 అని ఉంది, బ్యాకప్ ది 78012. కింద మాత్రం 421880 అంటోంది. ఏది నిజం?

టెర్మినల్_తాత:

రెండూ నిజమే. పట్టికలో అంకె పేజీల్లో ఉంటుంది, కింద లైన్ కేబీల్లో. పేజీ 4 కేబీ, కాబట్టి నాలుగుతో గుణించు, 105470 నాలుగులు 421880, సరిపోయింది. అంటే నీ యాప్ 412 ఎంబీ, బ్యాకప్ 305 ఎంబీ దాకా. మైఎస్‌క్యూఎల్ ని, మిగతావాటిని కలుపుకో, నీ 1 జీబీ ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. టిక్కీలు లెక్కపెట్టే ఫ్లాస్క్ యాప్ 412 ఎంబీ తినడమేంటయ్యా అసలు, పాండాస్ లైబ్రరీ ఇంపోర్ట్ చేసి పెట్టావా?

గుంటూరు_పైథాన్:

పెట్టా తాతా. నెల రిపోర్ట్ ఒక్కదాని కోసం, మొత్తం సీజన్ డేటా లోడ్ చేసి అలాగే ఉంచుతున్నా.

ఆపరేషన్స్_అక్క:

అది తర్వాత తీరిగ్గా చూసుకో. ఈ రోజు చెయ్యాల్సింది, జోన్ మార్చు, మార్చాక క్రాన్ ని కూడా ఒకసారి రీస్టార్ట్ చెయ్, లేకపోతే అది పాత జోన్ లోనే నడిచే అవకాశం ఉంది. స్క్రిప్ట్ లో పీడీఎఫ్ లు ఒక్కొక్కటిగా జిప్ లోకి రాయి. ఒక 1 జీబీ స్వాప్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా) పెట్టు, నీ మెషిన్ కి స్వాప్ ఉండి ఉండదు. సర్వీస్ ఫైల్ లో రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్, రీస్టార్ట్‌సెక్=5 పెట్టు, పడినా అదే లేస్తుంది, బాబాయి ఫోన్ చెయ్యక్కర్లేదు.

టెర్మినల్_తాత:

ఆ రీస్టార్ట్ దగ్గర నాకు పేచీ ఉంది. అది మొదటి రోజునుంచే పెట్టుకుని ఉంటే ఈ కుర్రాడికి అసలు సంగతి తెలిసేదే కాదు, రోజూ పడి లేస్తూ ఉండేది, ఏదో ఒక రోజు సగం రాసిన బిల్లు పోయాక అప్పుడు ఏడ్చేవాడు.

ఆపరేషన్స్_అక్క:

తాతగారూ, కొట్టు ముందు రైతు ఎండలో నిలబడి ఉంటే మనం కారణం దొరికేదాకా ఆపి ఉంచుదామా? లేపుతూ ఉండాలి, లాగ్ చూస్తూనే ఉండాలి. రీస్టార్ట్ అయినప్పుడల్లా జర్నల్ లో కౌంటర్ ఎంతో రాస్తుంది, "రీస్టార్ట్ కౌంటర్ ఈజ్ ఎట్ 3" అని. అది చూడటం మానేస్తే అప్పుడు మీ మాట కరెక్ట్.

టెర్మినల్_తాత:

చూడటం మానేస్తారనే నా బాధ. సరేలే, పెట్టుకోనీ. వారానికి ఒకసారైనా జర్నల్‌సీటీఎల్ -పి ఎర్ర్ --సిన్స్ "1 వీక్ ఎగో" కొట్టి చూడమను, ఎర్రర్ స్థాయి, అంతకంటే ముదిరినవి మాత్రమే వస్తాయి. ఒక మెలిక ఉంది, వాడు ప్రింట్ తో రాసేవన్నీ మామూలు ఇన్ఫో కిందే పడతాయి, ఎర్రర్ అని అందులో రాసినా సరే -పి కి దొరకవు. కెర్నల్ చెప్పే అవుట్ ఆఫ్ మెమరీ లైన్ దొరుకుతుంది, మన పనికి అది చాలు.

డల్లాస్_నైట్‌షిఫ్ట్:

పైథాన్‌అన్‌బఫర్డ్ పెట్టాక లాగ్ సైజు కూడా ఒక కన్నేసి ఉంచు బ్రో, జర్నల్‌సీటీఎల్ --డిస్క్-యూసేజ్. ఎక్కువైతే ముందు --రొటేట్, తర్వాత --వాక్యూమ్-సైజ్=300ఎమ్. రొటేట్ చెయ్యకుండా వాక్యూమ్ కొడితే ఇప్పుడు రాస్తున్న ఫైల్ ని అది ముట్టుకోదు, ఎందుకు తగ్గలేదా అని చూస్తూ కూర్చుంటావు. ఇంకా -ఎఫ్ పెట్టి రాత్రంతా వదిలెయ్యాలంటే టీమక్స్ లో పెట్టు, నెట్ పోయినా విండో అక్కడే ఉంటుంది.

పాత_సెంటోస్:

హన్మకొండ అన్నా, ఫోల్డర్ చేశా, ఇప్పుడు --లిస్ట్-బూట్స్ లో రెండు లైన్లు వస్తున్నాయి. మెసేజెస్ ఫైల్ కూడా చూశా, రీబూట్ కి ముందు ఎర్రర్ ఏమీ లేదు, మామూలు లైన్ మధ్యలో టక్కున ఆగిపోయి నేరుగా కొత్త బూట్ మొదలైంది. షట్‌డౌన్ అయినట్టు కూడా లేదు.

హన్మకొండ_హోస్ట్:

షట్‌డౌన్ లైన్లు గూడ లేవంటె ఎక్కువ మటుకు కరెంటు పోయినట్టె అన్నా. యూపీఎస్ జూడు ముందుగాల, లాగ్ ల ఇంకేం దొరకది.

పాత_సెంటోస్:

యూపీఎస్ దగ్గరికి పోయి చూశా. దాని ప్లగ్ తీసి ఎవరో వాటర్ డిస్పెన్సర్ పెట్టుకుంటున్నారు. నమస్కారం.

గుంటూరు_పైథాన్:

మూడు రోజుల తర్వాత వచ్చా, అప్‌డేట్ ఇద్దామని. జోన్ ఐఎస్‌టీ అయింది, బ్యాకప్ నిజంగానే రాత్రి రెండింటికి నడుస్తోంది, పీడీఎఫ్ లు ఒక్కొక్కటిగా, మెమరీ 40 ఎంబీ దాటట్లేదు. స్వాప్ పెట్టా. రీస్టార్ట్ కూడా పెట్టా, తాతకి చెప్పకండి, కౌంటర్ ఇంకా ఒక్కసారి కూడా రాలేదు.

ఈ రోజు పొద్దున అలారం పెట్టుకుని ఏడుంపావుకే లేచి, టీ పక్కన పెట్టుకుని -యు కాటా -ఎఫ్ చూస్తూ కూర్చున్నా. 7:33 వచ్చింది, పోయింది, ఏమీ కాలేదు. 7:41 కి మొదటి బిల్లు పడింది, బాబాయి బిల్లు కొడుతుంటే ఇక్కడ నా స్క్రీన్ మీద అప్పటికప్పుడు లైన్ వస్తోంది, 43 టిక్కీలు, రేటు, హమాలీ, అన్నీ. ఆ 43 ని ముందు 34 అని కొట్టి మళ్ళీ దిద్దుకున్నాడు, అది కూడా కనపడింది. నేనే ఫోన్ చేసి "బాబాయ్, ఇందాక 34 కొట్టావు కదా" అంటే ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఎక్కడున్నావురా నువ్వు" అన్నాడు.